గాలికి తోక చూపిన ఉల్లంకి

"పులస దొరికిందాండీ?"

"పుస్తెలింకా అమ్మలేదండీ."

కోడ్ సరిపోయింది. ఏజెంట్ వీరబ్రహ్మం అంతర్వేది ఇసుక మొన మీద, నల్లకళ్ళద్దాల రామతులసి పక్కన కూర్చున్నాడు. తలమీద టోపీ, ముందు ముక్కాలి స్టాండు మీద టెలిస్కోపు. వేషం పక్షుల ప్రొఫెసర్‌ది. టెలిస్కోపులో మాత్రం ఒకే ఒక్క తూటా!

పొద్దున్నే చీఫ్ విజయ్ పాల్ ఫోన్లో చెప్పాడు: "సముద్రంలో గ్యాస్ రిగ్గుకి విదేశీ ముఠా బాంబులు కట్టింది. పేల్చే సిగ్నల్ ఆ మొన మీంచే వెళ్తుంది. ముఠాలో మన మనిషి రామతులసి. ఆవిణ్ణి నమ్ము."

శ్రావణమాసం. పోటు ఎక్కుతోంది. ఉత్తరం నుంచి వలసొచ్చిన ఉల్లంకి పిట్టలు బురద మునిగిపోవడంతో ఇసుక మీదికి చేరి, నైరుతి గాలికి ముక్కులు పెట్టి నిలబడ్డాయి. గాలికి ఎదురుగా నిలబడకపోతే ఈకలు రేగిపోతాయి మరి.

ఒక్కటి మాత్రం గాలికి తోక చూపించి, తూర్పున రిగ్గు వైపు చూస్తోంది. ఒక్క ఈకా కదలడం లేదు.

రబ్బరు పిట్ట! పొట్టలో ట్రాన్స్‌మిటర్! వీరబ్రహ్మం టెలిస్కోపు అటు తిప్పాడు.

"కనిపెట్టేశారే!" రామతులసి ఫోన్ మీద మీట నొక్కి నవ్వింది. "కౌంట్‌డౌన్ మొదలైందండీ. నన్ను చంపినా ఆగదు. పాపం, రిగ్గు మీద భోజనాలవేళ. తిన్నాకే పోతార్లెండి!"

మూడు... రెండు...

ఢాం!

రబ్బరు పిట్ట తునకలైంది. అసలు పిట్టలన్నీ గాల్లోకి లేచాయి. రిగ్గు మాత్రం కదల్లేదు.

రామతులసి తన పడవ వైపు పరుగెత్తింది. పాయ ఒడ్డున ఊబి నడుం దాకా లాగేసింది. పోటు నీరు చుట్టుముట్టింది.

"బ్రహ్మంగారూ! చెయ్యివ్వండి!"

"మీరు నాకు ముందే ఇచ్చారు కదండీ!" అతను ముక్కాలి స్టాండు ఆమెకు అందీఅందనట్టు చాపాడు. "మీవాళ్ళెక్కడ?"

"కాకినాడ! ఫిషింగ్ హార్బర్ వెనక పాత ఐస్ ప్లాంటు!"

"థాంక్సండీ." స్టాండు వెనక్కి లాక్కుని, దాని కాళ్ళు ఒక్కొక్కటీ మడిచాడు.

"చెప్పేశాను కదండీ! లాగండీ!"

అతను ఒడ్డునే కూర్చున్నాడు. నీళ్ళు ఆవిడ మెడ దాటాయి. నల్లకళ్ళద్దాలు కాసేపు తేలాయి.

ఫోన్ మోగింది. చీఫ్. "రామతులసి వాళ్ళ మనిషే సార్. కాకినాడ ఫిషింగ్ హార్బర్ వెనక పాత ఐస్ ప్లాంటుకి మనుషుల్ని పంపండి," అన్నాడు వీరబ్రహ్మం.

"శభాష్! రామతులసిని ప్రాణాలతో పట్టుకున్నావా?"

"నాకంటే ముందు సముద్రం పట్టుకుందండీ."