నూనె అడిగే రాయి

జంషెడ్‌పూర్‌లో సీతారాండేరా దాటి నది వేపు దిగితే ఒక పాడుబడిన నుయ్యి ఉండీది. గట్టు లేదు, గిలక లేదు. దాని పక్కన మోకాలెత్తు రాయి. పగలయితే దానికి మేకల్ని కట్టీవోరు. పొద్దుగూకిందా... ఎంత మొనగాడైనా అటు తొంగి చూసీవోడు కాదు.

మిగతా రోజులు ఒక ఎత్తు, మార్చి మూడు ఒక్కటీ ఒక ఎత్తు. ఆ రోజు ఫౌండర్స్ డే కదా. జంషెడ్‌పూర్ పెట్టిన పెద్దాయన పుట్టినరోజు. మనోళ్ళు మాత్రం ఊరు పుట్టినరోజనే అనీవోరు. ఊరంతా దీపాలే, ఆ నుయ్యి కాడ తప్ప. ఆ చీకట్లోంచి ఒక ముసలి గొంతు వచ్చీదట. హిందీ కాదు, బెంగాలీ కాదు... మన తెలుగే.

"కొంచెం నూనుందేటి బాబూ..."

అంతే. విన్నోడు చెప్పులొదిలేసి పరుగు.

ఇది మా చినబాబు మావ నోటంట విన్నదే చెప్తన్నాను, నా కల్పన ఒక్క ముక్క లేదు. వాళ్ళ పక్కింట్లో వరహాలని ఉండీవాడు. టాటానగర్ రైల్వేలో కేబిన్‌మాన్, లీవర్లు లాగి రైళ్ళకి దారిచ్చే పని. డెబ్బై ఏడులో శ్రీకాకుళం నుంచి తల్లి అసిరమ్మని తెచ్చుకున్నాడు. ఆవిడికి హిందీ రాదు, చూపు అంతంతమాత్రం. బెదిరిపోతాదని ఆ నుయ్యి ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మార్చి మూడు సాయంత్రం దీపాలు చూడ్డానికి పార్కుకి బయల్దేరుతుంటే ఆవిడ అడిగింది.

"ఊరు పుట్టినరోజంటన్నారు... మరి బొడ్డురాయికి దీపం ఎవులెడతార్రా?"

మన వేపు ఊరు కట్టినప్పుడు నడిమధ్య ఒక రాయి పాతుతారు చూడండి, అది. దానికి పసుపు రాసి దీపం పెట్టందే ఊరికి పండగ లేదు.

వరహాలు నవ్వేడు. "కార్కానా ఊరికి బొడ్డురాయేటే అమ్మా! పార్కులో లచ్చ బల్బులెట్టినారు, సాలదేటి?"

"బల్బులు మనుసులు సూడ్డానికిరా. ఊరు సల్లగా ఉండాలంటే దీపమెట్టాల."

"అబ్బ, నీ సాదస్తం! నోరు మూసుకుని నా సొక్కా అట్టుకుని నడు."

ఆవిడ చొక్కా పట్టుకుంది, నడిచింది.

పార్కులో జనం... ఇసకేస్తే రాలరు. ఫౌంటెను మీద రంగులు మారుతుంటే వరహాలు నోరు తెరుచుకుని చూసేడు. చూసి, చూసి... ఎనక చొక్కా తేలిగ్గా అనిపించింది.

తిరిగేడు. తల్లి లేదు.

గంటసేపు వెతికేడు. పేరు పెట్టి పిలిచేడు. పోలీసోడి కాళ్ళు పట్టుకున్నంత పని చేసేడు. ఇంటికేమైనా చేరిందేమోనని పరుగున వస్తే, పెళ్ళాం నూకమ్మ గుమ్మంలోనే నిలబడుంది.

"అత్త రానేదు. ఆవిడ పెట్టెలో ప్రమిద కానరావట్లేదు. నూనె సీసా కూడాను..."

వరహాలుకి అప్పుడర్థమైంది. ప్రమిద... నూనె... రాయి కోసం ఎల్లింది! ఈ చుట్టుపట్ల రాయంటే ఒకటే. దాని పక్కన గట్టు లేని నుయ్యి.

డ్యూటీ లాంతరు పట్టుకుని ఉరికేడు. మలుపులో చాయ్ కొట్టోడు కేకేసేడు: "వరహాల్ భాయ్, ఆజ్ ఉధర్ మత్ జానా!" ఈ రోజు అటెల్లొద్దంటే ఆగుతాడా? కన్నతల్లి.

దిగువకి దిగుతుంటే గాలి కొట్టింది. లాంతరు ఆరిపోయింది. అగ్గిపుల్ల గీసేడు... ఆరిపోయింది. ఇంకోటి... అదీ అంతే.

అప్పుడు కనపడింది. నుయ్యి పక్కన చిన్న దీపం ఎలుగు. ఎలుగు మీదికి వంగి... తెల్లకోక.

ఎవరితోనో గుసగుసగా మాటాడతంది.

"ఉండు బాబూ... పోత్తన్నాను..."

వరహాలు ఉన్నచోటే ఆగిపోయేడు. తెల్లకోక మెల్లగా నిటారైంది. ఇటు తిరిగింది.

"ఒరే వరాలూ! అక్కడే నిలబడిపోనావేటి? నుయ్యుంది, సూసుకుని రా!"

అమ్మ! వరహాలు ఏడిసేడో, నవ్వేడో తెలీదు గానీ, గట్టిగా వాటేసుకున్నాడు. రాయికి పసుపు, బొట్టు. ముందర ప్రమిద. దాని పక్కన... తుప్పు పట్టిన పాతకాలం రైలు లాంతరు, అదీ ఎలుగుతంది.

"సంపేసేవే! ఇంత దూరం ఎలాగొచ్చేవే?"

"ఒక ముసలాయన తెచ్చేడ్రా. మన వేపు మనిసే. పార్కులో నా సేతిలో ప్రమిద సూసి, 'రామ్మా, రాయి నానే పాతేను' అన్నాడు. ఊరు లేనప్పుడు రైలు లైనెయ్యడానికొచ్చేడంట. లాంతర్లో నూనైపోనాది, కొంచెం ఉందేటమ్మా అంటే పోసేను. పాపం, ఎన్నేళ్ళనుంచి అడుగుతన్నాడో... ఒక్కడూ పొయ్యలేదంట."

"ఏడీ... ఏడాయన?"

"ఇప్పుడే కదరా ఎల్లేడు! నీకెదురొచ్చుండాలే."

అక్కడికి దారి ఒకటే. వరహాలుకి ఎవరూ ఎదురు రాలేదు.

"ఏటేటా నా కొడుకు నూనె తెత్తాడని మాటిచ్చీసేనురా," అంది అసిరమ్మ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

ఆ మాట వరహాలు దాటలేదు. ఏటా మార్చి మూడున, పొద్దుండగానే ఎల్లి పోసీవోడు. ఆ గొంతు మరెవరికీ వినపళ్ళేదు. ఎనభై ఒకటిలో అసిరమ్మ పోయింది. అయినా మానలేదు.

ఎనభై నాలుగులో ఒక్కసారి తప్పింది. రావలసినోడు రాక డబుల్ డ్యూటీ పడింది. కేబిన్ ఒదిలితే రైళ్ళు ఆగిపోతాయి. రేపు పోద్దాంలే అనుకున్నాడు పాపం.

రాత్రి పదకొండు దాటేక, పక్క కేబిన్‌కి కలిపే ఫోను మోగింది. గూడ్సు వత్తందేమోనని ఎత్తేడు. "హలో... బోలియే..."

గాలి చప్పుడు. అవతల ఎవరూ మాటాడ్డం లేదు. పెట్టేద్దామనుకునేసరికి...

"కొంచెం నూనుందేటి బాబూ..."

వరహాలు చెయ్యి ఫోనుకి అంటుకుపోయింది. ఆ గొంతు ఎనకాల, దగ్గిరగా, ఇంకో గొంతు. మూడేళ్ళయింది అది విని.

"ఉండు బాబూ... నా కొడుకు తెత్తాడు."