గొణుగుడు తలుపుకేం కాదు

పొద్దున్నే కాలింగ్ బెల్లు మోగితే తలుపు తీయడం ఆ ఇంట్లో అత్తగారి పని. కోడలు రాసుకుంటూ ఉంటుంది కాబట్టి పాలవాడైనా, పోస్ట్‌మ్యాన్ అయినా ముందు ఆవిడను దాటాల్సిందే. ఆ రోజు ఆవిడ తలస్నానానికి వెళ్ళింది. బెల్లు ఆగకుండా మోగుతుంటే కోడలే విసుక్కుంటూ లేచి వెళ్ళి ఉత్తరం తీసుకుంది.

కోడలు పిల్లల రచయిత్రి. పిల్లలంటే మరీ పిల్లలు కాదు, అమ్మానాన్నల మాట విననంత ఎదిగిన పిల్లలు. వాళ్ళ కోసం మాయాలోకపు నవలలు ఐదు రాసింది. వానను ఎవరో దొంగిలించిన ఊరు, ఆ వానను వెతుక్కుంటూ బయల్దేరిన ముగ్గురు పిల్లలు, వాళ్ళను ఆపదల్లోంచి దాటించే మాట్లాడే తలుపు. ఆ తలుపుకి నోరు ఊరుకోదు. కాళ్ళు తుడుచుకోరా, ఇదేనా రావలసిన వేళ, తిన్నారా లేదా అని సణుగుతూనే, ఎవరొచ్చినా తెరుచుకుంటుంది. పాఠకులు దానికి గొణుగుడు తలుపు అని పేరు పెట్టుకున్నారు.

ఆరో పుస్తకం ఆఖరిది. దాని ప్రూఫులు సాయంత్రంలోగా పబ్లిషరుకి వెళ్ళాలి. అందులో పిల్లలను కాపాడటం కోసం ఆ తలుపు కాలిపోతుంది. ఆ నాలుగు పేజీలు రాయడానికి కోడలికి నాలుగు నెలలు పట్టింది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఉత్తరం ఎవరో స్కూలు పిల్ల రాసింది. "మేడమ్, మీ ఉత్తరం అందింది. తలుపుకేం కాదని మీరు మాటిచ్చారు కదా, క్లాసులో అందరితోనూ పందెం కాశాను. నాన్నమ్మ పోయాక మా ఇంట్లో నన్ను కసురుకునేవాళ్ళు లేరు. ఆ తలుపు ఒక్కటే ఉంది."

కోడలు ఆ ఉత్తరాన్ని మళ్ళీ మొదటినుంచి చదివింది. ఈ పిల్లకే కాదు, ఏ పాఠకుడికీ తను ఉత్తరం రాసిన పాపాన పోలేదు. వచ్చినవన్నీ అత్తయ్య ఎక్కడో దాస్తున్నారులే, ఈ పుస్తకం అయ్యాక చూద్దాంలే అనుకుంటూ ఎనిమిదేళ్ళు గడిపేసింది.

అత్తగారు తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చింది.

"దీనికి ముందు ఉత్తరం ఎవరు రాశారత్తయ్యా?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. బుకాయించలేదు. "నేనే."

"నా పేరుతోనా?"

"నీకొచ్చినదానికి నా పేరుతో ఎలా రాస్తానమ్మా? ముప్ఫై ఏళ్ళు ఆఫీసులో టైపిస్టుగా చేసిందదే కదా. ఉత్తరం నాది, పేరు పైవాళ్ళది."

"వాళ్ళు చదివి సంతకం పెట్టేవాళ్ళు. నాకు చూపించారా? తలుపుకేం కాదని మీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? అంత మంచి తలుపుని ఎవరేం చేస్తారు?"

"నేను కాల్చేశాను."

అత్తగారు కుర్చీలో కూలబడింది. కోడలు అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు.

"ఇప్పుడు నేను కథైనా మార్చాలి, ఆ పిల్ల దగ్గర అబద్ధాలకోరునైనా కావాలి. నాకంటూ ఉన్నది నా పేరొక్కటే అత్తయ్యా. అది కూడా మీరే వాడేసుకుంటే ఎలా?"

ఆవిడ లేచింది. లోపలికి వెళ్ళి నాలుగు లావుపాటి ఫైళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది. "అన్నిటికీ కాపీలున్నాయి. ఇంకెవరికేం మాటిచ్చానో నువ్వు చూసుకోవాలి కదా." వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తప్పులు పట్టుకుందామనే కోడలు మొదటి ఫైలు తెరిచింది. ఒక ఉత్తరం పరీక్ష తప్పి అన్నం మానేసిన కుర్రాడికి. ఇంకొకటి రచయిత్రి కావాలంటే ఏం చేయాలని అడిగిన అమ్మాయికి: "మనసు లేకపోయినా రోజూ కూర్చోవాలి. ఏడుస్తూ కూడా కూర్చోవాలి. నేను చూశాను." పేరు కోడలిదే పెట్టింది కానీ, చూసిన కళ్ళు ఆవిడవి.

రెండో ఫైలులో ఒక తేదీ దగ్గర చెయ్యి ఆగింది. రెండో పుస్తకాన్ని అందరూ ఏకిపారేసిన వారం అది. ఇక కలం పట్టనని తను గోడవైపు తిరిగి పడుకున్న రోజులు. సరిగ్గా అప్పుడే, ఇక మీ పుస్తకాలు చదవనన్న ఒక పాఠకుడికి అత్తగారు రాసింది: "ఇంకొక్కటి చూడు నాయనా. మూడోది బాగుంటుంది. పూచీ నాది."

అప్పటికి మూడోదాంట్లో ఒక్క వాక్యం కూడా పుట్టలేదు. మీ పాఠకులు మిమ్మల్ని వదలరండీ, ఏం మాయ చేశారో అని పబ్లిషరు అన్నప్పుడల్లా, అది తన రాతలోని గొప్పే అనుకుని మురిసిపోయేది. కోడలికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. కళ్ళ నీళ్ళు కాగితం మీద పడకుండా ఫైలు మూసేసింది.

ప్రూఫులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. "నోరు జారాను అత్తయ్యా. మీరు లేకపోతే ఆ పేరు ఏనాడో మట్టిలో కలిసేది. తలుపుని బతికిస్తాను. ఇంకా టైముంది."

"ముందు చదవనీ."

స్టవ్ కట్టేసి, నిలబడే నాలుగు పేజీలూ చదివింది. చదువుతూనే కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మార్చకు. ఇది ఇలాగే ఉండాలి. తెలియని సంగతికి మాటిచ్చింది నేను. ఆ పిల్లకి నేనే చెప్పుకుంటాను, నా పేరుతోనే."

మధ్యాహ్నం ప్రూఫులు వెళ్ళిపోయాయి. అత్తగారు తను రాసిన కాగితం తెచ్చి కోడలి ముందు పెట్టింది. "ఈసారి నువ్వు చూశాకే పంపుదాం."

"చిట్టితల్లీ, నీకు జవాబు రాసింది రచయిత్రి కాదు. నేను ఆవిడ అత్తగారిని. తలుపుకేం కాదని తెలియక చెప్పాను. నువ్వు పందెం ఓడిపోతే అది నా వల్లే, ఆవిడ మీద కోపం తెచ్చుకోకు. అయినా చదువుకునే పిల్లవి, పందేలేమిటి? వేళకి తింటున్నావా? నీ అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి, కాస్త నిదానంగా రాయి."

కోడలు ఏడుస్తూ నవ్వింది. కలం తీసి, కింద మిగిలిన చోట రాసింది.

"తల్లీ, పందెం నువ్వే గెలిచావు. ఆ తలుపుని నేను ఎవర్ని చూసి రాశానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఆవిడకి కూడా. పుస్తకంలో కాలిపోయినా మా ఇంట్లో నిక్షేపంలా ఉంది. నీకు పై ఉత్తరం రాసింది అదే."

అత్తగారు చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. కోడలి తల మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది.