కన్నులేని సూదులు

పరుగు... పరుగు... పరుగు!

చెరుకు ఆకులు తాయమ్మ మొహాన్ని కోస్తున్నాయి. కొంగు మూటలో నల్లకోడి గింజుకుంటోంది. వెనక కుక్కలు. కుక్కల వెనక మనుషులు!

"కోడిదొంగ! పట్టండిరా!"

తాయమ్మ మూట పైనుంచే కోడి ముక్కును పిడికిట్లో బిగిస్తుంది. అది ఒక్కసారి అరిచిందా... అయిపోయిందే తన పని!

ఎడమ పాదంలో ఏదో దిగి ఉంది. జయరావు ఇంటి వెనక, కోళ్ళగూడు పక్కన చెత్తకుప్ప తొక్కినప్పుడు దిగింది. ముల్లు కాబోలు. తీసుకోవడానికి టైమేది? అడుగు పడినప్పుడల్లా ప్రాణం జివ్వుమంటోంది.

టార్చిలైటు!

ఎండిన కాలవలోకి జారి బోర్లా పడుకుంటుంది. కుక్కలు వాసన తప్పి దూరంగా మొరుగుతున్నాయి. వెలుతురు తల మీదుగా పోతుంది... వెనక్కి వస్తుంది... ఆగుతుంది!

గట్టు మీద జయరావు గొంతు. ఈ యుద్ధకాలంలో ఊళ్ళో రేషన్ డిపో ఆయనదే, లైసెన్సు తుపాకీ ఆయనదే.

"ఏం పోయింది?"

"నల్లపెట్టయ్యా." అది ఆయన పనివాడు వెంకటముని. "తెల్లవి, ఎర్రవి అట్నే ఉండాయి. నల్లదాన్నే ఏరుకొని ఎత్తకపోయినాది."

"పోయినాదా? ఆడదా?"

"ఆడమనిషేనయ్యా. కోక సూసినా."



"ఆ ఓబయ్య పెళ్ళాం ఊళ్ళో ఉందా?"

"తాయమ్మా? అది యాడుండాది... మొగుడు పోయినాక గూడూరులో అక్క కాడికి పోయిందంట."

"తుపాకీ తే."

"కోడికి తుపాకీ ఎందుకయ్యా?"

"నల్లకోడిని ఎందుకు ఎత్తుకుపోతారో తెలీదట్రా? మునిరామయ్యను లేపు. పట్టకారు తెమ్మను. ఇంకో మంత్రగత్తె లేచింది!"

పట్టకారు!

తాయమ్మ నాలుక తనకు తెలీకుండానే ముందుపళ్ళను తడుముతుంది. ఉన్నాయి. ఇంకా ఉన్నాయి.

మునిరామయ్య కమ్మరి. ఎవడన్నా మంత్రగాడని తేలితే ముందుపళ్ళు పీకేది ఆయనే. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదు. పలకని మంత్రం పారదు. ఊరి లెక్క అది.

పోయిన ఏడు చెంగయ్యకు పీకాడు. తాయమ్మ ఎదురుగా నిలబడి చూసింది. చూడటమేమిటి... "ఇంకోటి పీకన్నా!" అని అరిచింది కూడా!

అరవదా మరి? మొగుడు ఓబయ్య బండి పక్కన నోట్లో నురగతో పడి ఉన్నాడు. తల దగ్గర సూదులు గుచ్చిన నిమ్మకాయ! తాయెత్తులు కట్టే చెంగయ్య కాక ఇంకెవడు? ఊరంతా అదే మాట. ఆ మాట అందరికంటే ముందు అన్నది జయరావు.

పళ్ళు పీకి, కొండకిందికి తరిమేసి, ఊరు ఆ సంగతి మరిచిపోయింది. తాయమ్మ మరవలేదు. ముల్లును ముల్లుతోనే తీయాలి! వాడి విద్య వాడి దగ్గరే నేర్చుకుని వాడి మీదే ప్రయోగించాలి. పేరు అక్కమ్మ, ఊరు గూడూరు అని అబద్ధం చెప్పి చెంగయ్య గుడిసెలో చేరింది. ముసలాడి చూపు మందమే, గుర్తుపట్టడులే అనుకుంది.

విద్య అంత సులువా? మొదట్లో చీకట్లో ఊరికే కూర్చోమన్నాడు. కూర్చుని నిద్రపోయింది. తర్వాత నోరు తిరగని మాటలు. ఒకసారి దీపం ఆర్పేసింది. ఇంకోసారి నడి మంత్రంలో తుమ్మింది. చెంగయ్య తల కొట్టుకున్నాడు గానీ పొమ్మనలేదు.

ఈ రాత్రే మొదటి ప్రయోగం.

మొదటి శవం గురువుదే!

వెలుతురు పక్కకు తిరుగుతుంది. తాయమ్మ లేస్తుంది. కొండ వైపు కుంటుతూ... పరుగు!

"సామీ! తడిక తీ!"

చెంగయ్య తడిక తీస్తాడు. ముందుపళ్ళు లేని నోట్లోంచి మాట గాలితో కలిసి వస్తుంది.

"ఎవురన్నా సూసినారా పాపా?"

"లేదు సామీ."

"కాలికేంది... నెత్తురు?"

తాయమ్మ వెనక్కి చూస్తుంది. గుమ్మం దాకా ఎర్రటి చుక్కలు! పిలిచి మరీ దారి చూపించినట్టు వచ్చింది!

"ముల్లు దిగింది. తర్వాత తీసుకుంటా. ముందు పని కానీ సామీ, బిరీన!"

"తొందరపడితే తిరిగి మన మిందికే వస్తాది. కూసో. నిమ్మకాయ?"

"ఇదో."

"సావాల్సినోడి పాదం మన్ను?"

చిన్న పొట్లం చేతికిస్తుంది. పొద్దున ఈ గుమ్మం ముందే, ముసలాడు నడిచిన చోటే తీసింది. చెంగయ్య పొట్లాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూస్తాడు. దీపం పక్కన పెడతాడు.

"సూదులు?"

తాయమ్మ కొంగు ముడి విప్పుతుంది. ఓబయ్య తల దగ్గరి నిమ్మకాయలోంచి పీకి దాచుకున్న సూదులు. వీటితో ఓబయ్యను చంపాడు. వీటితోనే వీడు చావాలి!

చెంగయ్య ఒక సూదిని దీపం దగ్గర పెట్టుకుని తడుముతాడు.

చెయ్యి ఆగిపోతుంది.

"ఇవి యాడివి పాపా?"

"యాడివైతే ఏం?"

"వీటికి కన్ను లేదు."

"కన్నా?"

"దారం ఎక్కించే కన్ను! నల్లదారం ఎక్కించి కాయ గుండా లాగాల. లేకుంటే మంత్రం కట్టు పడదు. ఈ పొద్దు నీకు మొట్టమొదట నేర్పాల్సింది అదే. ఈ పని తెలిసినోడు ఎవుడూ వీటిని ముట్టడు."

తాయమ్మ వంగి సూదుల్ని తడిమి చూస్తుంది.

"కాలు సాపు," అంటాడు చెంగయ్య.

"ఇప్పుడెందుకు సామీ..."

"సాపమంటి!"

ముళ్ళు తీసే చిమటాతో పట్టి లాగుతాడు. తాయమ్మ పళ్ళ బిగువున అరుపును ఆపుకుంటుంది. నెత్తుటితో వచ్చింది... ముల్లు కాదు!

పొట్టిది. లావుది. ఒక వైపే మొన. మెరుస్తోంది.

కన్ను లేదు!

చెంగయ్య దాన్ని తుడిచి, పాత సూదుల పక్కన పెడతాడు. అచ్చం అవే!

"ఇది యాడ దిగింది?"

"జయరావు ఇంటెనక... చెత్తకుప్పలో..."

కోడి కోసం వంగినప్పుడు ఆ ఇంటి లోపల ఏం మోగుతోంది? పాటలపెట్టె! గ్రామఫోను! ఊరు మొత్తానికి అదొక్కటే. ప్లేటు మారినప్పుడల్లా సూది మార్చాలి. అరిగిన సూది చెత్తలోకి పోతుంది.

జయరావు!

రేషన్ బియ్యం దొంగచాటుగా, రాత్రికి రాత్రి మద్రాసు దోవన పోయేది ఓబయ్య బండిలోనే. "ఇంక తోలను మే. తాసీల్దారుకు చెప్పేస్తా" అన్నాడు చివరిసారి అన్నం తింటూ. మర్నాటికి నోట్లో నురగ! చేతబడి కాదు, విషం!

నిమ్మకాయ చూసి ఊరంతా వణికిపోయింది. వణికేవాడు సూది కన్ను చూస్తాడా?

"ఆ పొట్లంలో ఉండేది నా పాదం మన్నే గదా... తాయమ్మా?"

తాయమ్మ ఉలిక్కిపడుతుంది. పేరు! అసలు పేరు!

"నీకు... తెలుసునా?"

"నా పండ్లు పీకేటప్పుడు ఎదురుగా నిలబడినదానివి. ఆ మొగం మర్సిపోతానా?"

"మరెందుకు నేర్పినావు సామీ?"

"నేను గాదంటే నమ్ముతావా? నేర్సుకుంటే నీకే తెలుస్తాదనుకొంటి."

సిగ్గుతో అక్కడికక్కడే చచ్చిపోవాలనిపిస్తుంది తాయమ్మకు. వంగి ఆ ముసలి కాళ్ళు పట్టుకుంటుంది.

ధడేల్!

తడిక ఊడి లోపల పడుతుంది. టార్చి వెలుతురు కళ్ళల్లోకి!

ముందు జయరావు. పక్కన తుపాకీ పట్టుకుని వెంకటముని. వెనక పట్టకారుతో మునిరామయ్య.

"నెత్తుటి చుక్కలు భలే దారి చూపించాయి." జయరావు టార్చి తిప్పుతాడు. దీపం... నిమ్మకాయ... నల్లకోడి. "చూశారా? గురువూ, శిష్యురాలూ! మునిరామయ్యా, కానీ!"

మునిరామయ్య తాయమ్మ జుట్టు పట్టుకుంటాడు. ఇనుము పెదవికి తగులుతుంది. చల్లగా!

"వెంకటమునన్నా!" తాయమ్మ అరుస్తుంది. సూదుల్ని వెంకటముని కాళ్ళ ముందుకు విసిరేస్తుంది. "మా ఇంటాయన తలకాడ నిమ్మకాయలో గుచ్చినవి ఇవే! సూడన్నా! నీకు తెలీనివా?"

వెంకటముని వంగి ఒకటి తీసుకుంటాడు. తిప్పి చూస్తాడు. రోజూ పాటలపెట్టెకు సూదులు మార్చే చెయ్యి అది.

"అయ్యా... ఇవి మనవే."

"నోర్ముయ్!"

"ఓబయ్య పోయిన మర్నాడు డబ్బాలో సూదులు తక్కువుండాయని నేనే జెప్పినా. యుద్ధంలో దొరకని సరుకు, నువ్వే అమ్ముకున్నావని... చింతబరికెతో కొట్టినావు. దొంగోడని బజార్లో నిలబెట్టినావు. నా బిడ్డలు సూసినారయ్యా!"

మునిరామయ్య చెయ్యి సడలుతుంది. చెంగయ్య వైపు చూడలేక తల దించుకుంటాడు.

జయరావు నవ్వుతాడు.

"ఓబయ్య నోరు పెద్దది చేశాడు, పోయాడు. మీ నోళ్ళు కూడా పెద్దవా? మంత్రగాణ్ణి చంపితే అడిగే నాథుడు లేడు. కాల్చరా ముసలాణ్ణి!"

వెంకటముని తుపాకీ ఎత్తుతాడు. గొట్టం చెంగయ్య గుండె మీదికి...

తాయమ్మ దగ్గర ఏముంది? కత్తి లేదు, కర్ర లేదు. సగం వచ్చిన మంత్రం ఒకటుంది!

జయరావు జోడు కింది మన్ను పిడికెడు గీరి దీపంలో కొడుతుంది. దీపం భగ్గుమంటుంది. గొంతెత్తి మొదలుపెడుతుంది. మాటలు తడబడుతున్నాయి. సగం గుర్తుకురావడం లేదు. ఆపదు!

జయరావు పగలబడి నవ్వుతాడు. "మంత్రాలకు చింతకాయలు రాలతాయటే? కాల్చరా మునిగా!"

గొంతు పెంచుతుంది తాయమ్మ.

గొట్టం చెంగయ్య మీంచి పక్కకు తిరుగుతుంది. మెల్లగా జరుగుతుంది... జరుగుతుంది...

ధాం!

జయరావు నవ్వు మొహంతోనే వెనక్కి పడతాడు. మళ్ళీ లేవడు.

గుడిసె నిండా తుపాకీ మందు పొగ. నల్లకోడి మూట విదిలించుకుని, కొక్కొక్కో అంటూ బయటికి పరుగెత్తుతుంది.

వెంకటముని తుపాకీని నిప్పును వదిలినట్టు వదిలేస్తాడు. తన చెయ్యి చూసుకుంటాడు. జయరావును చూస్తాడు. అప్పుడు అరుస్తాడు...

"నేను గాదు! నా సెయ్యి గాదు! ఆమె మంత్రమే... నా సెయ్యిని తిప్పేసినాది!"

తాయమ్మ నెత్తిన పిడుగు పడినట్టవుతుంది.

మళ్ళీ అదే మాట! అప్పుడు ఓబయ్య చావుకు చేతబడి. ఇప్పుడు జయరావు చావుకూ చేతబడే!

మునిరామయ్య పట్టకారును గట్టిగా పట్టుకుంటాడు. మొహం నిండా చెమట. ఒక అడుగు ముందుకు.

"నిజమా మే? నువ్వేనా?"

చెంగయ్య వద్దు వద్దని తల ఊపుతున్నాడు. వెంకటముని రెండు చేతులూ జోడించి తాయమ్మనే చూస్తున్నాడు. కాదంటే వాడికి ఉరి. వాడి బిడ్డలకు దిక్కెవరు? ఔనంటే...

తాయమ్మ నాలుక ముందుపళ్ళను తడుముతుంది.

"ఔ. నేనే!"

మునిరామయ్య ఇంకో అడుగు వేస్తాడు. పట్టకారు నోరు తెరుచుకుంటుంది.

తాయమ్మ వెనక్కి జరగదు. వంగుతుంది. ఆ అడుగు పడిన చోటే, వాడి బొటనవేలు పక్కనే, మన్ను పిడికెడు తీసుకుంటుంది. దీపం మీదికి చెయ్యి చాపుతుంది.

"ఇది ఎవురి మన్నో తెలుసునా... మునిరామన్నా?"

పట్టకారు కింద పడుతుంది.