మూడో జలపాతం వెనక గుహ

"ఇది వంట కాదు వదినా," అన్నాడు యేసుపాదం, టర్కీ కోడి వండే పద్ధతి రాసిన పుటలో ఆరో వరుస దగ్గర ఆగి.

సువార్తమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. ఆమెకు చదువు రాదు. భర్త దేవవరం చేత్తో రాసుకున్న ఆ వంటల పుస్తకాన్ని పదకొండేళ్ళుగా పెట్టెలో దాచుకుంది. ఇన్నాళ్ళకు అడవిశాఖ బంగళాలో వంటపని దొరికింది. అక్కడి అధికారులకు దొరల వంటలు కావాలన్నారు. అందుకని మిలిటరీ నుంచి తిరిగొచ్చిన మరిదిని పిలిచి చదవమంది. అంతవరకు మసాలాలూ మంటా వెన్నా అంటూ చదివినవాడు ఇప్పుడు గొంతు తగ్గించాడు.

"ఏనుగు నడుం రాయి దగ్గర ఎడమ చేతి దారి. మూడో జలపాతం వెనక గుహ. వంగి పోవాలి. పెట్టె లోపలి గదిలో."

ఆ తర్వాత వరుస మళ్ళీ కోడి గురించే. కాలి నరాలు ముందే లాగేయకపోతే తొడ మాంసం నమలలేరని.

సువార్తమ్మ గోడకు చేరగిలబడింది. దేవవరం కొండమీద కాఫీ తోట దొర దగ్గర వంటవాడు. యుద్ధం రోజుల్లో బాంబుల భయంతో దొర తన వెండి సామాను దేవవరం చేతనే ఎక్కడో దాయించాడు. తర్వాత జ్వరంతో రేవు పట్నం వెళ్ళి అక్కడే పోయాడు. తోట పాడుపడింది. దొర పెంచిన టర్కీ కోళ్ళు అడవి పట్టాయి. మరుసటి ఏడు కార్తీకంలో దేవవరం, తప్పిపోయిన కోళ్ళను పట్టుకొస్తానని చెప్పి కొండెక్కాడు. తిరిగి రాలేదు. వెండి పట్టుకుని కలకత్తా పారిపోయాడనీ అక్కడ వేరే కాపురం పెట్టాడనీ ఊరు తేల్చేసింది. సువార్తమ్మను దొంగ పెళ్ళామన్నారు. ఆమె గాజులు పగలగొట్టుకోలేదు, కొత్తవి వేసుకోనూ లేదు. తాను సుమంగళో విధవో తెలియకుండానే నలభై ఐదేళ్ళు వచ్చాయి.

వెండి దొరికితే తమ బతుకులు మారిపోతాయన్నాడు యేసుపాదం. ఆమె వెండి సంగతి ఎత్తలేదు. ఎప్పుడు బయలుదేరదామని మాత్రమే అడిగింది.

కార్తీక మాసం మొదట్లో ముగ్గురు కొండెక్కారు. దారి చూపడానికి వచ్చిన మూడోమనిషి పల్లాల బూదిరెడ్డి. అరవై దాటిన కొండరెడ్డి, భుజాన విల్లు, నడుముకు కత్తి. మూడో జలపాతం పేరు వినగానే అతని ముఖం మాడిపోయింది. ఆ చోట కొండ కదులుతుందని, తమవాళ్ళు అక్కడ తేనె కూడా తీయరని చెప్పాడు. అయినా వచ్చాడు. దేవవరం కోసం అప్పట్లో మూడు రోజులు వెతికినవాళ్ళలో అతనూ ఒకడు.

రెండో రోజు వెదురు పొదల్లో పెద్ద అలికిడి అయింది. కంచు రంగు ఈకలతో, నీలమూ ఎరుపూ కలిసిన బోడి మెడతో పక్షుల గుంపు దారికి అడ్డంగా పరుగు తీసింది. కొండవాళ్ళు వాటిని దొరకోళ్ళంటారు. బూదిరెడ్డి బాణం ఒకదాన్ని నేలకు కొట్టింది. సువార్తమ్మ దాని కాలి ముల్లు వేలితో తడిమి, ముల్లు పొట్టిది గనుక లేత పక్షేనంది. పెంపుడు కోడికి ఉన్నట్టు దీనికి కొవ్వు లేదు, ఒట్టి మంట మీద పెడితే చెక్కలా ఎండిపోతుంది. అందుకని ముక్కలు చిన్నవిగా కోసి, ఉప్పూ కారమూ పసుపూ పట్టించి, అడవి ఉసిరికాయలు దంచి కలిపింది. పచ్చి వెదురు బొంగులో కూరి, అడ్డాకుతో మూతి బిగించి నిప్పుల్లో దొర్లించింది. బొంగు నల్లబడేసరికి లోపలి ముక్క తన నీటిలోనే ఉడికి, వేలితో నొక్కితే విడిపోయింది. ఆ ప్రయాణంలో వాళ్ళు కడుపారా తిన్నది ఆ ఒక్కపూటే.

మూడో రోజు పొద్దున్నుంచే ఆకాశం మూసుకుపోయింది. ఏనుగు నడుం రాయి దాటేసరికి వాన మొదలైంది. మొదటి జలపాతం పక్కనుంచి, రెండోదాని అంచు మీదుగా, వేళ్ళు పట్టుకుని పాకారు. మూడోదాని ముందు వాగు దాటుతుండగా పైనుంచి ఎర్రనీళ్ళు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. బియ్యం మూట, ఉప్పు డబ్బా కొట్టుకుపోయాయి. ఒక దుంగ వచ్చి యేసుపాదం పిక్కను ఎముక దాకా చీల్చింది. బూదిరెడ్డి అతన్ని జుట్టు పట్టి లాగి, నీటి తెర వెనక్కి ఈడ్చుకుపోయాడు. అక్కడ కొండకు నోరు ఉంది.

లోపల ఎండుపుల్లలతో నిప్పు రాజేశాక, యేసుపాదం గాయం కట్టించుకోకుండానే లోపలి గది వైపు పాకాడు. సువార్తమ్మ కాగడా పట్టుకుని వెనకే వెళ్ళింది. పెట్టె అక్కడే ఉంది, మూత తెరిచి ఉంది. గిన్నెలు, గరిటెలు, దీపపు సెమ్మెలు మసిబారి కుప్పగా ఉన్నాయి. యేసుపాదం వాటిని గుండెకు హత్తుకుని ఏడ్చాడు.

సువార్తమ్మ కాగడా పెట్టె దగ్గర ఆగలేదు. నాలుగడుగుల అవతల, కప్పు నుంచి జారిన బండ కింద ఒక కాలి ఎముకలు ఇరుక్కుని ఉన్నాయి. మిగతా మనిషి గోడకు ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు. మెడలో నల్లదారానికి సిలువ.

ఆమె పక్కన కూర్చుంది. అతని కుడిచేతి దగ్గర పెద్ద వెండి పళ్ళెం, కప్పు నుంచి కారే చుక్క సరిగ్గా అందులో పడేలా పెట్టి ఉంది. ఎడమ పక్క పక్షి ఎముకలు ఒద్దికగా పోగు చేసి ఉన్నాయి. సువార్తమ్మ ఒక్కొక్కటే తీసి చూసింది. తొడ ఎముకలు రాతితో పగలగొట్టి మూలుగ తీసుకున్నాడు. రెక్కల చివరి సన్న పుల్లల్ని కూడా కొరికాడు. కాలి నరాలను నమిలి నమిలి ఉమ్మేశాడు. జీవితమంతా వంట చేసిన మనిషి ఆమె. ఒక కోడి ఒక మనిషికి ఎన్నాళ్ళు వస్తుందో ఆమెకు తెలుసు.

"ఎనిమిది రోజులు బతికాడు," అంది. "మనోళ్ళు వెతుకుతున్నప్పుడు ఇక్కడే ఉన్నాడు."

బూదిరెడ్డి తలపాగా తీసి తల వంచుకున్నాడు. తాము రెండో జలపాతం దాకా వచ్చి వెనక్కి తిరిగామని ఆమెకు చెప్పాడు.

బయట వాగు తగ్గలేదు. నాలుగు రోజులు వాళ్ళు ఆ గుహలో చిక్కుకుపోయారు. మొదటి రోజే బూదిరెడ్డి గుహనోటి పక్క చెట్టు మీద తడిసి ముడుచుకున్న పక్షిని కొట్టాడు. అది ముదురు పుంజు. మళ్ళీ ఇంకొకటి దొరుకుతుందన్న ఆశ లేదు. సువార్తమ్మ ఈకలు పీకి, మంటమీద నూగు కాల్చి, ముందు పాడయ్యే కార్జం, కందనకాయ ఆ పూటే కాల్చి పంచింది. రొమ్ము మాంసాన్ని ఆకుల్లా పలచగా కోసి, పుల్లలకు గుచ్చి పొగలో వేలాడదీసింది. దారికి అదే ఆధారమంది. గోరంత కూడా ముట్టనివ్వలేదు. కాలి కీలు దగ్గర విరిచి, తీగల్లాంటి నరాలు ఒక్కొక్కటే లాగేసి, తొడలను దొర సూపు గిన్నెలో పొద్దంతా సన్నసెగ మీద ఉడికించింది. ఉప్పు లేదు, కొంగున మిగిలిన ఉసిరికాయల పులుపే రుచి. మూడో రోజుకు ఎముకలు పగలగొట్టి మళ్ళీ మరిగించింది. యేసుపాదానికి జ్వరం తగిలి ఒళ్ళు కాలిపోతుంటే, ఆ నీళ్ళు వెండి గరిటెతో గొంతులో పోసింది. ఎదురుగా గోడకు దేవవరం కూర్చునే ఉన్నాడు. వండుతున్నంతసేపూ ఆమె అటు తిరిగి, ఏం చేస్తోందో మెల్లగా అతనికి చెబుతూనే ఉంది.

అయిదో రోజు వాగు నడుం లోతుకు దిగింది. కప్పు నుంచి మట్టి రాలడం మొదలైంది. ఇక ఆగితే తామూ ఇక్కడే అన్నాడు బూదిరెడ్డి. కర్రలు మీటుగా వేసి అతనూ సువార్తమ్మా దేవవరం కాలి మీది బండను బెత్తెడు లేపారు. సువార్తమ్మ తన రెండో చీరలో భర్త ఎముకలు మూటగట్టి వీపున వేసుకుంది. పొగబెట్టిన మాంసం నడుముకు కట్టుకుంది. యేసుపాదం కుంటుతూనే పట్టినంత వెండి దుప్పట్లో చుట్టి మెడకు తగిలించుకున్నాడు. అది మోస్తూ దాటలేవని బూదిరెడ్డి ఎంత చెప్పినా వినలేదు.

బూదిరెడ్డి ముందు దాటి, నడుముకు చుట్టి తెచ్చిన తాడును అవతలి చెట్టుకు బిగించాడు. యేసుపాదం మధ్యలోకి వచ్చేసరికి గాయపడ్డ కాలు తప్పింది. దుప్పటి మూట నీటిలో తిరగబడి అతన్ని ముఖం దాకా కిందికి లాగింది. వెనకనున్న సువార్తమ్మ ఒక చేత్తో తాడు, ఒక చేత్తో అతని చొక్కా పట్టుకుంది. వీపుమీద మూట ఆమెనూ ఒరగదీస్తోంది. అవతల చెట్టు వేళ్ళు కదలడం చూసి, తొందరగా రమ్మని బూదిరెడ్డి కేక వేశాడు.

"వదిలెయ్," అంది.

అతను తల అడ్డంగా ఊపాడు. మూట ముడి మీద వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి.

"యేసుపాదం, మీ అన్నని మోస్తన్నాను నేను. నిన్ను కూడా ఇలా మూటగట్టి మొయ్యమంటావా?"

అతను ఆమె వైపు చూశాడు. తర్వాత ముడి విప్పాడు. వెండి ఒక్క చప్పుడు కూడా లేకుండా ఎర్రనీళ్ళలోకి దిగిపోయింది.

కిందికి రావడానికి మూడు రోజులు పట్టింది. పూటకు తలా ఒక పలచటి తునక, నోట్లో నానబెట్టుకుని, చెప్పులు నమిలినట్టు నమిలారు. చివరి తునక యేసుపాదానికి పెట్టింది సువార్తమ్మ. గుహలో మిగిలిన వెండి కోసం వాళ్ళు ముగ్గురూ మళ్ళీ వెళ్ళలేదు. దారి ఎవరికీ చెప్పనూ లేదు.

చర్చి వెనక దొడ్డిలో సమాధి తవ్వినప్పుడు ఊరంతా వచ్చింది. దొంగన్నవాళ్ళూ వచ్చారు, తలలు దించుకుని నిలబడ్డారు. పాస్టరుగారు సిలువ మీద పేరు రాయించి, చనిపోయిన తేదీ ఏం వేయమంటావని సువార్తమ్మను మెల్లగా అడిగారు. పదకొండేళ్ళ కిందటి ఆ కార్తీకంలో ఏ రోజని ఎవరు చెప్పగలరు?

ఆమె గోతిలోకి వంగి గుప్పెడు మట్టి వేసింది.

"గుహలో కనిపించిన ఆ బుధవారం వెయ్యండయ్యా," అంది. "అప్పటిదాకా నాకు బతికే ఉన్నాడు."