నా ఫైలు ఆమె టేబుల్ మీద ఉన్నంతవరకు

"మూడేండ్లయింది మేడం! ఒక్కరన్నా వచ్చి నా పని ఎట్లుండాదో చూసినారా?"

నా గొంతు అంత పైకి లేస్తుందని నేనూ అనుకోలేదు. టేబుల్ అవతల కూర్చున్న అమ్మాయి మాత్రం తలెత్తకుండా నా ఫైలు తిప్పుతోంది. బల్ల మీద పేరు: కె. సుప్రజ, అసిస్టెంట్ ఇంజనీర్.

"తనిఖీ రిపోర్టు లేనిదే లైసెన్సు రెన్యువల్ కాదు, ఓబుళేశు గారూ."

"తనిఖీ చేయాల్సింది మీరా, నేనా?"

"మేమే."

"మీరు రాకపోతే శిక్ష నాకా?"

అప్పుడు తలెత్తింది. పెద్ద కళ్లు. కోపంలో ఉన్నాను కాబట్టి అవి బాగున్నాయని ఆ రోజు ఒప్పుకోలేదు.

ఆ ఆఫీసు పేరు రాయను. రాస్తే ఇంకో నోటీసు వస్తుంది. నేను ఇండ్లు కట్టే కాంట్రాక్టర్ని. కమలాపురం దగ్గర లక్ష్మక్క ఇంటికి గోడలు లేపి, బీములకు ఇనుప కమ్మీలు కట్టి ఆగిపోయాను. లైసెన్సు నంబరు చూపిస్తేనే బ్యాంకు వాళ్లు మిద్దె స్లాబు వేయడానికి లక్ష్మక్కకు లోను డబ్బు ఇస్తారు. అంతవరకు ఆమె, ముగ్గురు పిల్లలు ఒక్క అద్దె గదిలోనే.

"ఏటా మూడు వేలు కట్టించుకుంటాండారే, ఆ దుడ్లన్నీ యాడికి పోతాండాయి?"

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నన్నడిగితే ఏం లాభమప్పా? పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద అడుగు. ఎంత వచ్చింది, తనిఖీలకు ఎంత పెట్టినారు, రెండూ అడుగు."

మీరు నుంచి నువ్వుకు దిగింది. ఎందుకో నా కోపం సగం తగ్గింది.

అర్జీ పెట్టిన ఇరవై ఎనిమిదో రోజు జవాబు వచ్చింది. ఆ సగం కోపమూ తిరిగొచ్చింది. నాలుగు వందల పదమూడు మంది కాంట్రాక్టర్లు. ఏడాదికి వసూలు పన్నెండు లక్షల ముప్పై తొమ్మిది వేలు. లైసెన్సుల మీద ఖర్చు పదకొండు వేలు, అదీ రిజిస్టర్లకు, రబ్బరు స్టాంపులకు. తనిఖీలకు సున్నా. మిగతాదంతా సాధారణ నిధిలో కలిసిపోయింది. ఇండ్లు కూలకుండా చూస్తామని తీసుకున్న డబ్బుతో ఒక్క ఇల్లూ చూడలేదు!

ఇంత నిజం ఇంత సూటిగా ఎవరు రాశారా అని కిందికి చూశాను. తయారు చేసినవారు: కె. సుప్రజ.

వెంటనే బండి తీసి ఆఫీసుకు పోయాను. "నీకు ఇబ్బంది కాదా?" అన్నాను, మేడం అనడం కూడా మరచిపోయి.

"అడిగినావు, రాసినా. తనిఖీకి జీపు కావల్లని మూడేండ్లుగా నేనూ అడుగుతాండా. ఎవరూ పట్టించుకోలా."

"బయట టీ తాగుదాం రా."

"నీ ఫైలు నా టేబుల్ మీద ఉన్నంతవరకు నీ చేతి నీళ్లు కూడా తాగను. తాగితే లంచమంటారు."

ఆ ఆదివారం తన స్కూటీ మీద, తన టేపుతో లక్ష్మక్క ఇంటికి వచ్చింది. సెంట్రింగు చెక్కల మీదికెక్కి బీము కమ్మీలు కొలిచింది.

"కమ్మీల చుట్టూ రింగులు ఎంతకొకటి కట్టినావు?"

"ఆరంగుళాలకు."

"ఈ చివర తొమ్మిది ఉండాది."

"మా నాయన కాలం నుంచి ఇట్లే కడతాండాం!"

"మీ నాయన కాలంలో ఇంత పొడుగు బీములు యాడివి? విప్పి మళ్లీ కట్టు."

కూలీల ముందు తల కొట్టేసినట్టయింది. పది నిమిషాలు ఆమె మీద మండిపడ్డాను. తర్వాత నా మీద నాకే మంట పుట్టింది. ఈ ఒక్క మాట మూడేండ్ల ముందు ఎవరైనా చెప్పుంటే! అంతకుముందు కట్టిన రెండిండ్లూ చూడమని నేనే అడిగాను. చూసొచ్చి, అవి పొట్టి బీములు, భయం లేదంది.

లక్ష్మక్క సంగటి, ఊరుబిండి పెట్టబోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దక్కా."

"ఇంటికొచ్చిన పిల్ల పస్తుతో పోతుందా? ఇదేం ఉద్యోగమమ్మా!" అని లక్ష్మక్క గొణిగింది.

రింగులు మళ్లీ కట్టాను. ఆమె మళ్లీ వచ్చి కొలిచి రిపోర్టు రాసింది. లైసెన్సు వచ్చింది, బ్యాంకు డబ్బూ వచ్చింది. మిద్దె వేసే రోజుకు పిలుద్దామని ఆఫీసుకు వెళితే ఆమె కుర్చీలో ఇంకొకాయన.

"ఆమెను మార్చేసినారప్పా. ఆ జవాబు రాసినందుకే. స్కూటీ పెట్రోలు బిల్లు కూడా తిప్పి పంపినారు, దానికి పద్దు లేదంట."

పన్నెండు లక్షలు వసూలు చేసే చోట నూట ఇరవై రూపాయల పెట్రోలుకు పద్దు లేదు! పని చేసినందుకు బదిలీ! ఒళ్లు మండిపోయింది. మిద్దె వేసే తేదీ ఆమెకు చెప్పమని మాత్రం ఆయనకు చెప్పొచ్చాను.

ఆ మంటతోనే మిద్దె వేయించాను. పూర్తయ్యేసరికి మధ్యాహ్నం రెండయింది. లక్ష్మక్క కూలీల భోజనాలకు విస్తర్లు వేస్తోంది. మిక్సర్ ఆపుతుండగా స్కూటీ వచ్చి ఆగింది.

"ఇదేం న్యాయం సుప్రజా? ఇంకో అర్జీ రాస్తా! మీ ఆఫీసునంతా అడుగుతా!"

"రాయి. పెట్రోలు బిల్లు గురించి గూడా రాయి. ముందు ఇది విను. నాకిప్పుడు జనన మరణాల సెక్షన్. నా టేబుల్ మీద పుట్టినోళ్ల, సచ్చినోళ్ల ఫైళ్లే ఉండాయి. నీది లేదు."

అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆగలేకపోయాను.

"నువ్వంటే నాకు శానా ఇష్టం" అనేశాను, చేతులనిండా సిమెంటుతో. మిక్సర్ ఆగిపోయింది కదా, పద్దెనిమిది మంది కూలీలూ విన్నారు.

ఆమె ఎర్రబడిన ముఖంతోనే వాళ్ల పక్కన బంతిలో కూర్చుని విస్తరి ముందుకు లాక్కుంది.

"లక్ష్మక్కా, ఆకలైతాండాది, వడ్డించు. నీళ్లు మాత్రం ఈయప్పను తెమ్మను."