బానెట్ లేచిన మంగళవారం

కారు పికప్ పోయింది!

ఉన్నట్టుండి... కొండ రోడ్డు సగంలో!

ఆమె కాలు యాక్సిలరేటర్‌ని అడుగంటా తొక్కిపెట్టే ఉంది. ముల్లు మాత్రం కిందికి జారుతోంది. నూట పది... ఎనభై... యాభై ఐదు...

డాష్‌బోర్డు మీద పసుపు లైటు.

"ఇప్పుడా? ఇప్పుడేనా నీకు రోగం రావాల్సింది!"

అద్దంలోకి చూస్తుంది. పొగమంచులో రెండు హెడ్‌లైట్లు. మసకమసకగా ఉన్నాయి. కానీ దగ్గరవుతున్నాయి.

జీపు! వర్క్‌షాపు జీపు. నడిపేది బావ, అక్క మొగుడు.



తెల్లవారి అరగంటయింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. మధ్యలో ఎర్రటి స్పోర్ట్స్ కారులో ఆమె ఒక్కతే.

వర్క్‌షాపులో ఆమెని అందరూ డాక్టరమ్మ అంటారు. ఎంత ఖరీదైన బండైనా సరే, స్కానర్ తగిలించి, నాలుగు కోడ్లు చదివి, జబ్బేంటో చెప్పేస్తుంది. వర్క్‌షాపు బావది. పని నేర్పిందీ బావే.

ఆ బావే ఇప్పుడు తరుముతున్నాడు.

సీటు మీద ఫోన్ మోగుతోంది. బావ. పదిహేడోసారి!

ఎత్తదు. ఎలా ఎత్తుతుంది?

నిన్న సాయంత్రం ఈ కారు దగ్గరే నిలబడి అన్నాడు.

"ఎయిర్‌బ్యాగ్ బాక్స్ మార్చెయ్. పాతది నా చేతికివ్వు."

"ఇది గేర్ ఆయిల్‌కి కదా బావా వచ్చింది?"

"చెప్పింది చెయ్!"

బావ ఎప్పుడూ అలా కసరలేదు. అతను అటు వెళ్లగానే ఆమె స్కానర్ తగిలించింది.

ఒక్కటే కోడ్.

'బానెట్ లేచింది' అని!

ఈ కారు మనిషిని గుద్దితే బానెట్ వెనక అంచు దానంతటదే పైకి లేస్తుంది. పడ్డవాళ్ల తల కింద ఇంజన్‌కి కొట్టుకోకుండా. అలా లేచిన క్షణం వేగం, వేళ ఎయిర్‌బ్యాగ్ బాక్సులో రాసుకుంటుంది.

వేగం యాభై రెండు. మంగళవారం. రాత్రి తొమ్మిది నలభై రెండు.

ఆ మంగళవారం, సరిగ్గా ఆ వేళకి, డ్యూటీ దిగి నడిచి వెళ్తున్న నర్సుని బైపాస్ మీద ఏదో కారు గుద్ది పోయింది. ఆవిడ ఇంకా కళ్లు తెరవలేదు.

కారు ఓనరు విదేశాల్లో ఉన్నాడు. మంగళవారం బండి వర్క్‌షాపులోనే ఉంది. ఆ రాత్రి తాళాలు బావ ఇంట్లో. బానెట్ మీద పెయింటు... పచ్చి వాసన ఇంకా పోలేదు!

 అక్కకి ఫోన్ చేసింది. అక్క ఏడ్చింది. చాలాసేపు ఏడ్చి, గొంతు సర్దుకుంది.

"ఇక్కడి స్టేషన్‌కి పోకే. అందరూ మీ బావకి తెలిసినవాళ్లే. తెల్లారగానే కారు తీసుకుని కొండమీద పాత క్వారీ దగ్గరికి రా. ఇద్దరం కలిసి అవతలి ఊరి స్టేషన్‌కి పోదాం. ఇంకెవరికీ చెప్పకు."

నిన్న పని కోసం ఇచ్చిన తాళం ఆమె దగ్గరే ఉండిపోయింది. అందుకే ఈ రోడ్డు. అందుకే ఈ పొద్దున.

హెడ్‌లైట్లు ఇంకా దగ్గరికొచ్చాయి...

మలుపు!

రోడ్డు పని జరిగే చోటు. వరసగా తారు డ్రమ్ములు. ఆమె స్టీరింగ్ తిప్పేస్తుంది. కారు డ్రమ్ముల వెనక్కి దూరుతుంది. లైట్లు ఆఫ్. ఇంజన్ ఆఫ్.

సీట్లో కిందికి జారింది.

జీపు వచ్చింది... నెమ్మదించింది...

పోయింది!

స్కానర్ తగిలిస్తుంది. కోడ్ చదవగానే సగం ప్రాణం లేచొస్తుంది. టర్బో తోసే గాలి ఇంజన్‌కి అందట్లేదు. ఈ మోడల్‌కి ఇది పాత జబ్బే. వేడెక్కేకొద్దీ గాలి పైపు క్లిప్పు సడలి పైపు ఊడొస్తుంది. గాలి బయటికి పోగానే కంప్యూటర్ భయపడి ఇంజన్ గొంతు నొక్కేస్తుంది.

బానెట్ ఎత్తుతుంది.

అదే! నల్లటి పైపు నోరు తెరుచుకుని వేలాడుతోంది.

పట్టుకుంటుంది. చుర్రుమంటుంది!

"అమ్మా..."

కేక నోట్లోనే నొక్కుకుంటుంది. చున్నీ చేతికి చుట్టుకుని పైపుని లోపలికి తోస్తుంది. స్క్రూడ్రైవర్ రెండుసార్లు జారిపోతుంది. మూడోసారి పట్టు దొరికింది. తిప్పు... తిప్పు... ఇంకొంచెం...

బిగిసింది!

సీట్లోకి దూకి కోడ్ క్లియర్ చేస్తుంది. పసుపు లైటు ఆరిపోతుంది. స్కానర్ తీసేయబోతూ ఆగుతుంది.

ఎయిర్‌బ్యాగ్ బాక్సు. నిన్న భయంతో మొదటి పేజీ చూసే స్కానర్ పీకేసింది. రెండో పేజీ చూడనేలేదు.

వేలు నొక్కుతుంది.

డ్రైవర్ బెల్టు: పెట్టుకున్నారు.

డ్రైవర్ సీటు: పూర్తిగా ముందుకి.

మళ్లీ చదువుతుంది. పూర్తిగా ముందుకి!

బావ ఆరడుగుల మనిషి. ఈ సీటు ముందుకుంటే అతని మోకాళ్లు కూడా పట్టవు.

ఆ ఇంట్లో తాళాలు అందేది ఇంకొక్కరికే. ఐదడుగులు కూడా లేని మనిషి. దిండు వేసుకుని డ్రైవింగ్ నేర్చుకుందని తను జీవితమంతా ఆటపట్టించిన మనిషి!

ఫోన్ మోగుతుంది.

అక్క.

"ఎక్కడున్నావే?"

"తారు డ్రమ్ముల దగ్గర..." నోరు జారింది.

"ఒక్కదానివేనా?"

"అక్కా... సీటు ముందుకుంది."

అవతల కారు తలుపు మూసిన చప్పుడు.

"మంగళవారం కారు నడిపింది నువ్వా?"

"ఒక్కసారి నడిపి చూద్దామనుకున్నానే... ఒక్క రౌండు. ఎంతకాలం ఊరివాళ్ల కార్లు తుడుస్తూ బతుకుతాం?"

"ఆవిణ్ణి రోడ్డు మీద అలా వదిలేసి ఎలా వచ్చావక్కా?"

"అక్కడే ఉండు. వస్తున్నా."

కట్!

 స్టార్ట్ కొడుతుంది. కిందికి పోవాలి... ఊళ్లోకి... జనంలోకి! కారుని రోడ్డెక్కించి తిప్పబోతుంది. రోడ్డు ఇరుకు. కారు అడ్డంగా నిలిచింది. వెనక చక్రాలకి జానెడు దూరంలో లోయ.

పైనుంచి ఇంజన్ శబ్దం.

హెడ్‌లైట్లు లేవు!

పొగమంచు చీల్చుకుని తెల్ల కారు. అక్క కారు. తిన్నగా ఆమె మీదికే!

బ్రేకు లైటు లేదు... హారన్ లేదు... స్టీరింగ్ వెనక అక్క ముఖం. కళ్లు ఆర్పకుండా...

"అక్కా!"

ఢాం!

తెల్ల కారు వెనక భాగం ఎగిరిపడింది. గిర్రున తిరిగి కొండకి కొట్టుకుంది. తుపాకీ పేలినట్టు ఎయిర్‌బ్యాగ్ పేలింది.

దాని వెనక జీపు! పైకి పోయింది, అక్క కారు వెనకే తిరిగొచ్చి గుద్దింది. నుజ్జయిన ముందు భాగంలోంచి ఆవిరి.

స్కానర్ పట్టుకునే ఆమె బయటికి దూకింది. బావ దిగుతున్నాడు. నుదుటి నుంచి రక్తం.

"ఫోన్ ఎత్తవేంటే! పదిహేడుసార్లు చేశా! క్వారీకి పోవద్దని చెప్పడానికే..."

"నీకు తెలుసా బావా?"

"బుధవారం తెలిసింది. బానెట్ మార్చింది నేనే. పెళ్లాం కదే... కళ్లు మూసుకున్నా." నుదుటి రక్తం తుడుచుకున్నాడు. "ఇవాళ పొద్దున్నే తన కారు తాళాలు తీసుకుంటూ అంది... 'క్వారీకి రమ్మన్నా, అదిక నోరెత్తదులే' అని. నా పై ప్రాణాలు పైనే పోయాయి."

తెల్ల కారు తలుపు తెరుచుకుంది. అక్క. ముఖం నిండా ఎయిర్‌బ్యాగ్ పొడి. తూలుతూ వస్తోంది. చూపు చెల్లెలి చేతిలోని స్కానర్ మీదే.

"డాక్టరమ్మవి కదే నువ్వు. చెరిపెయ్. ఒక్క బటనే కదా!"

"గుద్దిన రికార్డు చెరగదక్కా. దానికి తాళం పడిపోతుంది."

"నాకిద్దరు పిల్లలే!"

అరుపు కాదు. ఏడుపు. చిన్నప్పుడు చీకట్లో తన చెయ్యి పట్టుకుని పడుకున్న అక్క ఏడుపే అది. 

బావ మెల్లగా ఫోన్ తీశాడు. నంబరు నొక్కాడు. స్పీకర్లో పోలీసు గొంతు.

"చెప్పండి."

"నర్సుని గుద్దిన కారు నా దగ్గరుంది సార్. కొండ రోడ్డులో. నడిపింది..." బావ భార్య వైపు చూశాడు. "నడిపింది నేనే."

అక్క ఏడుపు టక్కున ఆగిపోయింది!

 కాదనలేదు. చున్నీతో ముఖం మీది పొడి తుడుచుకుంటోంది. నిదానంగా... పని అయిపోయినట్టు!

కొండ చలి కన్నా అదే ఎక్కువ వణికించింది ఆమెని.

కాలిన చెయ్యి చాచింది. బావ చేతిలో ఫోన్ లాక్కుంది.

"హలో? ఎవరు మాట్లాడేది?"

అక్క తలెత్తి చూసింది.

"ఆయన కాదు సార్..." పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "నడిపింది మా అక్క!"