గాజు అన్న మాట కొట్టేశాక

“నిన్ను కాలేజీకి పంపిస్తున్నా” అన్నాడు చీఫ్.

ఏజెంట్ పదిహేడు నెరిసిన జుట్టు తడుముకున్నాడు. వయసు నలభై రెండు. ఎప్పుడో కెమిస్ట్రీ డిగ్రీ చేశాడు.

చీఫ్ ఫైలు ముందుకు తోశాడు. సైన్సు, ఇంజినీరింగు చదివినవాళ్లకు పేటెంట్ల పని నేర్పే పీజీ డిప్లొమా అది. హోంవర్కుకు విద్యార్థులు తాము కనిపెట్టిన వాటి మీదే దరఖాస్తులు రాస్తారు. రెండేళ్లలో అలాంటివి మూడు, అసలు మనిషి ఫైల్ చేయకముందే పరాయి దేశంలో ఒక ముఠా పేరున ఫైల్ అయ్యాయి. ముందు ఫైల్ చేసినవాడిదే హక్కు.

పదిహేడు జుట్టుకు రంగు వేసుకుని చివరి బెంచీలో కూర్చున్నాడు. జేబులో కెమెరా పెన్ను. అతని రిపోర్టులు పైకి చేర్చే పని బావది. అక్క మొగుడు, అదే డిపార్టుమెంటు. ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే.

పక్క సీటులో ల్యాబులో పనిచేసే ఆవిడ, క్లాసు పెట్టిన పేరు ల్యాబక్క. టీకా సీసాలకు ఆమె ఒక మూత కనిపెట్టింది. వేడి తగిలితే రంగు మారుతుంది. ఆరేళ్ల కష్టం. అది ముఠా చేతికి పోతే, తన మూత తనే తయారు చేసుకోవడానికి వీల్లేదు.

ఆమె “గాజు సీసాకు బిగించే మూత” అని రాసింది. పదిహేడు ప్రాక్టీసుకని నకలు ఇంటికి తెచ్చుకున్నాడు. గాజు అని రాస్తే ఇదే మూత ప్లాస్టిక్ సీసాకు పెట్టేవాడు తప్పించుకుపోతాడు కదా అనిపించింది. ఆ మాట కొట్టేసి “పారదర్శక పాత్రకు” అని రాశాడు. ఏడాది మొత్తంలో అతను రాసిన మంచి వాక్యం అదొక్కటే. బావకు మాత్రం చూపించాడు.

“అదిరిందిరా బామ్మర్దీ. నీ బుర్రకి ఇంత పదునుందని మీ అక్కకి కూడా తెలీదు” అన్నాడు బావ. ఆ పూట ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

వారం గడిచింది. సాయంత్రం నాలుగుంపావుకు క్యాంటీన్‌లోకి గులాబీ వచ్చింది. నల్ల కళ్లద్దాలు, సెంటు, ఎత్తు మడమలు. ముఠాకు కవర్లు మోస్తుంది. ఆ సంగతులు చీఫ్‌కూ మోస్తుంది.

“ఈ కుర్చీ ఖాళీయేనా?”

“ఒక కాలు కుంటిది.”

కోడు సరిపోయింది. కవరు జరిపింది. ఇందులోది రేపు పొద్దున పరాయి దేశంలో ఫైల్ అవుతుందని, పంపిందెవరో తనకు తెలియదని చెప్పింది. రేపు ఇక్కడ సెలవు. ఇవాళ ఐదుకి పేటెంట్ ఆఫీసు మూస్తారు, దాటితే పడేది ఎల్లుండి తేదీ.

పదిహేడు కాగితం విప్పాడు. ల్యాబక్క మూతే. రెండో లైనులో, పారదర్శక పాత్ర.

మళ్లీ చదివాడు. గాజు అని ఉంటే అనుమానించడానికి క్లాసంతా ఉంది. ఈ మాట చూసినవాడు ఒక్కడే.

బావకు ఫోన్ చేశాడు. లైబ్రరీ కంప్యూటర్ నుంచి ఇప్పుడే ఫైల్ చేయిస్తున్నానని చెప్పాడు. ఆ తర్వాత ల్యాబక్క దగ్గరికి వెళ్లాడు. క్లెయిములు, అంటే హక్కు దేని మీదో చెప్పే వాక్యాలు, ఇంకా కుదరలేదని ఆమె వెనకాడింది.

“క్లెయిములు ఏడాదిలోపు ఇవ్వొచ్చక్కా. మొదటి క్లాసులోనే చెప్పారుగా. ఇవాళ్టి తేదీ పడాలి. వివరం రెండు పేజీలు చాలు.”

పేటెంట్ ఆఫీసు కౌంటరు వీధి చివరే. గులాబీ చెప్పులు చేత పట్టుకుని ఆమెతో పాటు పరుగెత్తింది.

పదిహేడు లైబ్రరీలో బీరువా చాటున నిలబడ్డాడు. నాలుగూ యాభైకి బావ వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. గోడకున్న ఇంటర్నెట్ పెట్టెలోంచి వైరు పీకాడు.

“ఎందుకు బావా?”

బావ తిరిగి చూశాడు. వైరు చేతిలోనే ఉంది. “అక్కకి చెప్పకురా” అన్నాడు.

పదిహేడు ఆ వైరు అతని చేతిలోంచి తీసుకున్నాడు. ఫోన్ మోగింది. గులాబీ మెసేజ్. సీలు పడింది, నాలుగూ యాభై తొమ్మిది.

చీఫ్ మనుషులు బావను తీసుకెళ్లారు. పదిహేడు అక్క ఇంటి గేటు దాకా వెళ్లి, గడియ మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత గడియ తీశాడు.

నెల తర్వాత పరీక్షలో అతనికి సరిగ్గా పాసు మార్కులు వచ్చాయి. జవాబు పత్రంలో అతను రాసిన పారదర్శక పాత్ర వాక్యం పక్కన మేష్టారు ఎర్ర సిరాతో రాశారు: “బాగుంది. ఎక్కడ కాపీ కొట్టారు?”